ఇద్దరు వెళ్ళి ఒకరు వస్తే

ఆ వేసవంతా ఆవిడ కెమెరా చూసింది పిట్టనా, మా ఇళ్ళ కిటికీలనా? ఇన్నేళ్ళయింది, నాకిప్పటికీ తెలియదు. ఎవరైనా చెప్పగలిగితే నేనే చెప్పాలి, ఎందుకంటే ఆవిడ గుడారంలో ఆవిడతోపాటు అడుగుపెట్టిన మనిషిని నేనొక్కణ్ణే. అడిగినవాళ్ళందరికీ తెలియదనే చెప్పాను. కొందరు నమ్మలేదు. ఒక్కోసారి నన్ను నేనే అడిగి చూసుకుంటే నాకూ పూర్తిగా నమ్మకం కుదరదు.

ఆవిడది పరదాలు కుట్టే పని. ఊళ్ళో అందరూ పరదాలావిడ అనే పిలిచేవాళ్ళు. బస్టాండు వెనక సందులో ఒక పొడుగాటి గది. అదే దుకాణం, అదే ఇల్లు. ముందు సగంలో కుట్టుమిషను, గోడకు నిలబెట్టిన గుడ్డల తానులు, మేకులకు దండల్లా వేలాడే ఇత్తడి రింగులు. మధ్యలో అడ్డంగా ఒక పరదా. దాని వెనక పొయ్యి, మంచం, బట్టల పెట్టె. ఆవిడ కుడితే మొగుడు ఇళ్ళకు వెళ్ళి రాడ్లు బిగించేవాడు. అత్తగారు గుమ్మం దగ్గర ఎత్తుపీట మీద కూర్చుని రింగులు లెక్కపెడుతూ, వచ్చేపోయే వాళ్ళతో కోడలి గురించి మాట్లాడుతూ ఉండేది.

ఊళ్ళో కాస్త పెద్ద కిటికీ ఉన్న ప్రతి ఇంట్లోకీ పరదాలావిడ టేపు పట్టుకుని వెళ్ళొచ్చింది. ఏ గదిలోకి పొద్దుటెండ వస్తుందో, ఎవరు కిటికీ తెరుచుకుని కూర్చుంటారో, ఎవరు మూసుకుని కూర్చుంటారో ఆవిడకు తెలుసు. అది తెలియకపోతే ఆ పని చెయ్యలేరు. ఆ వేసవి వచ్చేదాకా అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు.

మా కాలనీ వాళ్ళం కొందరం ఏటా ఎండాకాలం పొద్దున్నే ఊరికి నీళ్ళిచ్చే పాత ట్యాంకుల ఆవరణలోకి నడకకు వెళ్ళేవాళ్ళం. సర్వేయరుగా చేసి రిటైరైన ఒకాయన మా అందరికీ పెద్ద. ఆయన దాన్ని ప్రకృతి నడక అనేవాడు, మిగతావాళ్ళం వాకింగే అనేవాళ్ళం. ఆయన మెళ్ళో దుర్భిణి, చేతిలో కర్ర. కర్ర ఎటు లేస్తే అందరం అటు చూడాలి. పిట్ట కనబడకపోయినా కనబడిందనాలి, లేకపోతే అక్కణ్ణించి కదలనివ్వడు. దారిలో ప్లాస్టిక్ సంచి కనిపించిందంటే ఆరోజు నడక సగంలో ఆగినట్టే. దాన్ని కర్ర కొసతో ఎత్తి, చచ్చిన పామును చూపించినట్టు అందరికీ తిప్పి చూపించి, మనుషుల బుద్ధి గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. నేను చంకలో ఏదో ఒక పుస్తకం పెట్టుకుని అందరికన్నా వెనక నడిచేవాణ్ణి. ఉపన్యాసాల టైములో నాలుగు పేజీలు అయ్యేవి.

ఆవరణ చివర వాడకం మానేసిన కుంట ఒకటుంది. అవతలి గట్టున రెల్లు, ముళ్ళపొదలు. ఇవతలి వైపు ఎత్తయిన రాతిగోడ. గోడ మీద మా కాలనీ వెనక వరస ఇళ్ళు. వర్షపు నీళ్ళు కారిపోవడానికి గోడ పొడుగునా కన్నాలు వదిలారు. ఆ వరస వంటగదులూ, బాల్కనీలూ, బట్టలారేసే దండేలూ అన్నీ కుంటవైపే. సర్వేయరు గారి ఇల్లు ఆ వరసలోదే. మాతో నడకకు వచ్చే మందుల షాపావిడ ఇల్లు కూడా. నాది ముందు వరస. కుంటవైపు కిటికీ అన్నదే లేదు. ఈ చిన్న ముక్క ఇప్పుడే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగిన పంచాయితీలో నన్ను ఏ పక్షం కానివాడిగా చూసింది దీన్నిబట్టే.

ఆ ఏడు ఎండలు మొదలైన రోజుల్లో పరదాలావిడ ట్యాంకుల గేటు దగ్గర నిలబడి ఉంది. నడకకు తనూ రావచ్చా అని అడిగింది. ఊరందరిదీ అమ్మా ప్రకృతి అన్నాడు సర్వేయరు గారు. ఆవిడ భుజాన ఉన్న గుడ్డసంచిలోంచి కెమెరా బయటికి తీశాక ఆయన ఉదారం కాస్త తగ్గింది. ఆయన దుర్భిణి కన్నా అది పెద్దది.

ఎక్కడిదమ్మా ఇంత కెమెరా అని మందుల షాపావిడ అడిగింది. ఫోటో స్టూడియోలో వెనక వేలాడదీసే తెరలన్నీ పరదాలావిడే కుట్టేదట. స్టూడియో ఎత్తేసి వెళ్ళిపోతూ ఆయన పాత వీడియో కెమెరా ఆవిడకు ఇచ్చిపోయాడట. "అలాగా" అంది మందుల షాపావిడ. ఆ అలాగాలోనే అంతా ఉంది. ఊరికే ఎవరిస్తారు కెమెరా?

మొదట్లో అందరిలాగే మాతో నడిచింది, అందరూ చూసిందే తీసింది. ఒకరోజు సర్వేయరు గారి కర్ర ఎండిపోయిన తాడిచెట్టు మీద ఆగింది. తొర్రలోంచి చిలక పిల్లలు తలలు బయట పెట్టి చూస్తున్నాయి. అందరం మురిసిపోయాం, ఫోన్లలో తీసుకున్నాం, ఇళ్ళకు వెళ్ళి తెలిసినవాళ్ళందరికీ పంపాం. తర్వాత వారంలో వెళ్ళేసరికి తొర్ర ఖాళీ. మూతి దగ్గర కత్తితో చెక్కి వెడల్పు చేసిన గుర్తు, కింద ఆకుపచ్చ ఈకలు. పిల్లల్ని పట్టి అమ్ముకునేవాళ్ళ పని అని చూస్తేనే తెలుస్తోంది. ట్యాంకుల దగ్గర కాపలా ఉండేవాడి మీద అనుమానమన్నాడు సర్వేయరు గారు. మందుల షాపావిడ ఎవరి పేరూ ఎత్తకుండా, ఇన్నేళ్ళూ లేనిది ఈ ఏడే ఎందుకు జరిగిందో అంది. కొత్తగా వచ్చింది ఒక్కరే కాబట్టి పేరు ఎత్తాల్సిన పని లేదు. పరదాలావిడ మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. కిటికీకి కొలత తీసుకునేటప్పుడు చూసే చూపు అది.

అప్పటినుంచి మాతో కలిసి నడవడం మానేసింది. మాకన్నా ముందొచ్చి, కుంట అవతలి గట్టున రెల్లు పక్కన ఒక గుడారం వేసింది. పరదాలు కుట్టగా మిగిలిన ముక్కలే. ఎండుగడ్డి రంగువి, బురద రంగువి, పాచి రంగువి అన్నీ అతికి నాలుగు కర్రల మీద నిలబెట్టింది. బట్టల షాపులో తొడిగి చూసుకునే గదిలా ఉందని ఎవరో అంటే అందరూ నవ్వారు. నవ్వి, అది ఎటువైపు తిరిగి ఉందో చూశారు. గుడారం ముందువైపు కెమెరా కోసం ఒక గుండ్రటి కన్నం, దాని చుట్టూ పరదా రింగు. ఆ కన్నం తిన్నగా రాతిగోడనూ, గోడ మీది ఇళ్ళనూ చూస్తోంది.

మర్నాడు నేను వెనకపడి నడుస్తుంటే నన్ను ఆపింది.

"బాబాయ్ గారూ, ఒక సాయం చేస్తారా? నాతో లోపలికి రండి. వచ్చి వెళ్ళిపోండి."

"వెళ్ళిపోయేదానికి రావడం ఎందుకమ్మా?"

"మనుషులు వచ్చారని పిట్ట చూస్తుంది కదా. వెళ్ళిపోయారని కూడా చూడాలి."

పిట్టకు లెక్క రాదట. ఇద్దరు లోపలికి వెళ్ళి ఒకరు బయటికొస్తే గుడారం ఖాళీ అయిందనుకుని తన పనిలో తాను పడుతుందట. ఎవరు చెప్పారని అడిగాను. "మా అత్తగారు" అంది. దుకాణంలో పరదా వెనక్కి మొగుడూ పెళ్ళాం వెళ్ళి, మొగుడొక్కడే బయటికొస్తే చాలు, కోడలు లేదనుకుని గుమ్మంలో కూర్చున్నావిడ మొదలుపెడుతుందట. అలా తన గురించి చాలా తెలుసుకున్నానంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

నన్నే ఎందుకు పిలిచావని అడగలేదు. నేను మాట్లాడని మనిషినని అనుకుని ఉంటుంది. తీరా చూస్తే ఆ పనికి మాట్లాడటమే ముఖ్యమట. ఊరికే నడిచిపోతే దాక్కోడానికి పోతున్నాడని పిట్ట అనుకుంటుందట, మాట్లాడుకుంటూ పోతేనే నమ్ముతుందట. ఒక్కణ్ణే ఎవరితో మాట్లాడను? మొదటిరోజు నా మోకాళ్ళ గురించి నాకే చెప్పుకుంటూ, కుంటకు ఇవతల మావాళ్ళు కూర్చునే కల్వర్టు దాకా వచ్చాను. రెండోరోజు కుళాయి గురించి. ఆ తర్వాత చెప్పుకోడానికేమీ మిగలక, చంకలో పుస్తకం తీసి ముందురోజు ఆపినచోటునుంచి గట్టిగా చదువుకుంటూ నడిచేవాణ్ణి. నాకు కాస్త బుర్ర తేడా చేసిందని సర్వేయరు గారు మిగతావాళ్ళతో అన్నాడట. కాదు, ఇద్దరూ కలిసి ఏదో చేస్తున్నారని మందుల షాపావిడ అందట.

గుడారం లోపల కొత్తగుడ్డ వాసన, ఉక్క. ఒక చిన్న స్టూలు, మూడుకాళ్ళ మీద కెమెరా. నేను తల వంచుకుని రెండు క్షణాలు నిలబడి బయటపడేవాణ్ణి. కెమెరాలోంచి చూడమని ఆవిడ ఒక్కసారీ అనలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. ఏ పిట్ట అంటే మాత్రం లకుముకి పిట్ట అని చెప్పింది. గోడ కన్నాల్లో ఒకదాంట్లో గూడు పెట్టిందట. ఏ కన్నమో చెప్పలేదు.

"చెబితే మీ కళ్ళు అటే పోతాయి బాబాయ్. మీ కళ్ళు ఎటు పోతే పదిమంది కళ్ళూ అటే."

అంటే నన్నూ నమ్మలేదన్నమాట. కొంచెం కష్టమనిపించింది. కానీ ఆలోచిస్తే, నేనూ ఆవిణ్ణి నమ్మి వెళ్తున్నానా? గోడకు అన్ని కన్నాలున్నాయి, గోడ మీద అన్ని కిటికీలున్నాయి. కెమెరా కొంచెం పైకెత్తితే కిటికీ, కొంచెం కిందికి దించితే కన్నం. ఆ కొంచెం ఎటు అన్నది లోపల కూర్చున్న మనిషికే తెలుసు.

వెనక వరసలో ఒక మార్పు మొదలైంది. అంతవరకూ బార్లా తెరిచి ఉండే కిటికీలు పగలే మూసుకోసాగాయి. బాల్కనీలోకి వచ్చేవాళ్ళు ముందు కుంట అవతలికి చూసి, జుట్టు సవరించుకుని వచ్చేవాళ్ళు. కుంటలోకీ దారిలోకీ ప్లాస్టిక్ సంచులు రావడం కూడా ఆగిపోయింది. కర్ర కొసతో ఎత్తి చూపించడానికి ఏమీ దొరక్క సర్వేయరు గారు తోచనట్టు తిరిగేవాడు. ఆ సంచులు ఇన్నేళ్ళూ ఏ గోడ మీంచి పడుతున్నాయో అప్పుడు గాని నాకు తట్టలేదు. మామూలుగా మనిషి ఇంటిముందు చేసే పనులు వేరు, ఇంటివెనక చేసే పనులు వేరు. వెనకవైపు కూడా ఒక ముఖం ఉండాల్సి వచ్చేసరికి అందరికీ ఉక్కపోసింది.

నా పుస్తకాల బీరువాకు తలుపులు లేవు. ఎండపడి అట్టలు వెలిసిపోతున్నాయని, దానికో పరదా కుట్టించుకుందామని ఆ రోజుల్లోనే వాళ్ళ దుకాణానికి వెళ్ళాను. గుడ్డ నిజంగానే కావాలి. కాకపోతే అదొక్కటే కారణం అని చెప్పలేను.

గదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. మిషను చుట్టూ, మంచం మీద, అత్తగారి ఒళ్ళో కూడా మందపాటి పరదాలే, లోపల లైనింగు వేసినవి. ఎవరివి ఇన్ని అంటే మొగుడు నవ్వాడు. మీ వెనక వరసవేనండీ అన్నాడు. మొట్టమొదట చేయించుకుంది సర్వేయరు గారట. ఆవిడ కెమెరాకు భయపడి పరదా వేయించుకోవాలంటే కొలతలున్నది ఆవిడ దగ్గరే. ఇంకోళ్ళను పిలిస్తే మళ్ళీ ఇల్లంతా చూపించాలి. అందుకని ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఎండ ఎక్కువగా ఉందని చెప్పి, ఆవిడకే పురమాయించి వెళ్ళారు.

"ఇంకో రెండు వేసవులు ఇది ఇలా పిట్టల్ని తీస్తే మేం మేడ కట్టేస్తాం సార్" అన్నాడు మొగుడు.

వేళాకోళానికే అన్నాడు. కానీ ఆ మాట నా చెవిలోంచి పోలేదు. పిట్ట పిచ్చి అనుకున్నది వ్యాపారం తెలివేమో. పరదాలావిడ తలెత్తకుండా మిషను తొక్కుతూనే ఉంది.

అత్తగారు నన్ను దగ్గరికి రమ్మని గొంతు తగ్గించింది. అన్నం తినేటప్పుడు కూడా కోడలు ఆ కెమెరా ముందేసుకుని తీసింది చూసుకుంటుందట. పిట్టను చూద్దామని తనూ వంగి చూసిందట. "పిట్టా లేదు పాడూ లేదు నాయనా. తాడు. ఎంతసేపు చూసినా తాడే. ఏం చూస్తున్నావే అంటే, తాడు అత్తయ్యా అంటుంది" అంది. తాడు వెనక ఏముందని అడిగాను. ఏదో బాల్కనీలా ఉందంది. మళ్ళీ, తన కళ్ళు సరిగ్గా కనిపించవంది.

మంచం కింద మూటలు కట్టి ఉన్నాయి. వేరే ఊళ్ళో పెద్ద హోటలు కడుతున్నారు, గదులన్నిటికీ పరదాల పని వీళ్ళకే దొరికింది. ఈ చేతిలో పనులు ఇచ్చేసి, నెలాఖరులోగా గది ఖాళీ చేసి వెళ్ళిపోతారట. కాలనీలో ఎవరికీ చెప్పొద్దని మొగుడు అన్నాడు. వెళ్ళిపోతున్నారని తెలిస్తే కుట్టించుకున్నవాళ్ళు మార్పులూ చేర్పులూ అంటూ కూర్చుంటారని. నేను చెప్పలేదు. చెప్పకపోవడం నాకు అలవాటే.

తర్వాత రెండురోజులకు గొడవ అయింది. పరదాలావిడ చేతులు కడుక్కోడానికి కుంట అంచుకు దిగినప్పుడు మందుల షాపావిడ గుడారంలోకి దూరింది. కెమెరా పక్కనున్న చిన్న అద్దంలో అంతకుముందు తీసిన బొమ్మ ఆడుతోందట. ఆవిడ బయటికొచ్చినప్పుడు ముఖం పాలిపోయి ఉంది.

"అది మా బాల్కనీ. మా దండెం. అందులో ఉన్నది నేను" అంది.

ఏం చేస్తున్నారందులో అని ఎవరో అడిగారు. బట్టలు తీస్తున్నాను అంది. ఇంకా ఏమైనా ఉందా అంటే, అది చాలదా అని ఎదురడిగింది. చాలుననే అందరూ అన్నారు. కానీ ఆ తర్వాత ఒక్కొక్కరూ ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్ళి గుట్టుగా అడిగింది ఒకటే: కెమెరాలో పక్కిల్లు కూడా పడుతోందా?

సర్వేయరు గారు అందర్నీ కల్వర్టు దగ్గర కూర్చోబెట్టాడు. పరదాలావిణ్ణి పిలిపించాడు. ఆవిడ వచ్చి, కెమెరా సంచి గుండెకు ఆనించుకుని నిలబడింది.

"చూడమ్మా, ఇప్పటిదాకా తీసిందంతా అందరి ముందూ చూపించు. తప్పేమీ లేకపోతే నీకే మంచిది కదా" అన్నాడాయన.

"చూపిస్తానండీ. పిల్లలు బయటికొచ్చాక."

"ఎవరి పిల్లలు?" అంది మందుల షాపావిడ.

"పిట్ట పిల్లలండీ. ఇప్పుడు చూపిస్తే ఏ కన్నమో తెలిసిపోతుంది. చిలక పిల్లలకు అయినట్టే వీటికీ అవుతుంది."

కల్వర్టు మీద ఒక్కసారిగా అందరూ కదిలారు.

"అంటే మాలో దొంగ ఉన్నాడంటావా?" అన్నాడు సర్వేయరు గారు.

"నేనెవర్నీ అనలేదండీ. మీరే నన్ను అంటున్నారు."

అప్పుడు అందరూ నావైపు తిరిగారు. వెనకవైపు కిటికీ లేనివాణ్ణి కదా, నన్ను చెప్పమన్నారు. లోపల నేను కెమెరాలోంచి ఎప్పుడూ చూడలేదని ఉన్నమాట చెప్పాను. ఎవరికీ తృప్తి కలగలేదు, ఆవిడకు కూడా. చివరికి సర్వేయరు గారు తేల్చాడు. రేపొక్కరోజు తీసుకోవచ్చు. ఆ తర్వాత గుడారం విప్పేసి, అక్కడికక్కడే తీసిందంతా చూపించి వెళ్ళాలి. చూపించకుండా పోతుందేమోనని అందరూ కల్వర్టు మీదే కూర్చుంటారు. సరే అంది ఆవిడ. మరీ తొందరగా సరే అందని నాకనిపించింది.

ఆ రోజు ఆవిడా నేనూ కలిసి గేటుదాకా నడిచాం. పిట్ట తీరు మారిందని చెప్పింది. ఇన్నాళ్ళూ చేప తెచ్చి కన్నంలోకి దూరేది. ఇప్పుడు లోపలికి ఇవ్వకుండా, ముక్కున పట్టుకుని బయటే కూర్చుని పిలుస్తోంది. పిల్లల్ని బయటికి రప్పించడానికే అది.

"రేపొస్తాయా?"

"రేపో ఎల్లుండో. ఎల్లుండికి నేనుండను బాబాయ్. రేపే వ్యాను వస్తుంది."

"మరి కెమెరా దండెం మీదెందుకు పెట్టావమ్మా? నాకైనా చెప్పు."

"అది వాలేది అక్కడే. చేపతో తిన్నగా కన్నంలోకి పోదు. ముందు ఆ తాడు మీద కూర్చుని అటూ ఇటూ చూస్తుంది. ఎవరూ చూడ్డంలేదని రూఢి చేసుకున్నాకే గూటికెళ్తుంది. దానికీ అనుమానమే."

అది నిజమే అయ్యుండాలి. కాకపోతే ఆ దండెం మీద పిట్టను నేనెన్నడూ చూడలేదు. చూడకపోవడానికి కారణం పుస్తకం కావచ్చు. ఇంత కష్టం ఎందుకమ్మా, ఎవరికోసం అని అడిగాను.

"బతుకంతా కిటికీలు మూసే పనే కదా బాబాయ్. ఒక్కసారి, లోపలున్నది బయటికి రావడం చూడాలనుంది. మొట్టమొదటిసారి వచ్చేటప్పుడు ఎలా చూస్తుందో."

మాట చాలా బాగుంది. అక్కడే నాకు చిక్కు. అంత బాగా కుదిరిన మాటను నేను వెంటనే నమ్మలేను. పుస్తకాలు చదివి చదివి అబ్బిన జబ్బు అది. ఆ చిక్కులో పడి, ఆ ఊరు చేరాక క్షేమంగా ఉన్నామని కబురు పెట్టమని కూడా అనలేదు.

మర్నాడు అందరూ మాకన్నా ముందే వచ్చి కల్వర్టు మీద వరసగా కూర్చున్నారు. నడక ఊసే లేదు. ఆవిడా నేనూ వాళ్ళ ముందునుంచే గట్టు చుట్టి గుడారానికి వెళ్ళాం. లోపలికి దూరాక ఆవిడ స్టూలు మీద కూర్చుని, కెమెరాను రింగులోకి సర్ది, నావైపు తిరగకుండానే చెయ్యి ఊపింది. రోజూ అలాగే ఊపేది, ఇక వెళ్ళండి అని. నేను బయటికొచ్చి పుస్తకం తీసి గట్టిగా చదువుకుంటూ కల్వర్టుకు చేరాను. ఇవాళ నవ్వడానికి కూడా ఎవరూ నావైపు చూడలేదు. అందరి కళ్ళూ గుడారం మీదే. రింగులో నల్లటి కెమెరా కన్ను కదలకుండా మమ్మల్ని దాటి గోడను చూస్తోంది.

ఎండ ఎక్కుతోంది. సర్వేయరు గారు దుర్భిణి గుడారం మీంచి తియ్యలేదు. వెనక వరస కిటికీలన్నిటికీ కొత్త పరదాలు; గోడ మీద ఆ వరస మొత్తం కళ్ళు మూసుకుని నిలబడ్డట్టుంది. బాల్కనీల్లో ఎవరూ లేరు. దండేల మీద బట్టలు కూడా లేవు.

అప్పుడొచ్చింది. నీలంగా ఒక గీత గీసినట్టు కుంట మీంచి వచ్చి, మందుల షాపావిడ దండెం మీద వాలింది. తెల్లటి రొమ్ము, ఎర్రటి ముక్కు, ముక్కున అడ్డంగా చేప. అటు చూసింది, ఇటు చూసింది. కూర్చునే పిలవడం మొదలుపెట్టింది. గోడలో, మేం ఇన్నాళ్ళూ చూస్తూ కూడా చూడని ఒక కన్నంలోంచి ఒక తల బయటికొచ్చింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. చాలాసేపు అలాగే వస్తూ పోతూ ఉంది. ఉన్నట్టుండి బయటపడి, పడుతూ లేస్తూ రెక్కలు కొట్టుకుని, తాడు అందుకుని దానిమీద ఊగింది. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి. తాడు ఊగినప్పుడల్లా రెండూ ఒకదానిమీద ఒకటి పడబోయి సర్దుకుంటున్నాయి.

దుర్భిణి ఎప్పుడు తాడువైపు తిరిగిందో సర్వేయరు గారికే తెలిసి ఉండదు.

"మా దండెమే" అంది మందుల షాపావిడ చాలా మెల్లగా. నావైపు వంగింది. "తీసే ఉంటుంది కదండీ ఇది? చూపిస్తానంది కదా?"

ఆవిడ బయటికి రావడం కోసం అందరం ఎదురుచూశాం. ఈసారి చూపు వేరు. నిలదియ్యడానికని వచ్చినవాళ్ళే చూడ్డానికని కూర్చున్నారు. పిట్టలు ఎగిరి రెల్లులోకి వెళ్ళిపోయాయి. నీడలు పొట్టివయ్యాయి. గుడారం కదల్లేదు. పిలవండి అన్నారు నన్ను. పిలిచాను. మళ్ళీ పిలిచాను. చివరికి సర్వేయరు గారు లేచి కర్ర పట్టుకుని గట్టు చుట్టి వెళ్ళాడు, వెనకే అందరం. ఆయన కర్రతో గుడ్డ ఎత్తాడు.

లోపల ఎవరూ లేరు. కెమెరా లేదు, మూడుకాళ్ళదీ లేదు. రింగు వెనక నల్లటి లైనింగు ముక్క ఒకటి పిన్నుతో బిగించి ఉంది; దూరంనుంచి మేం కెమెరా కన్ను అనుకున్నది అదే. వెనకవైపు కుట్టు మొత్తం విప్పి ఉంది. తెంపలేదు, కత్తిరించలేదు, దారాన్ని ఒక కొసనుంచి లాగి ఒద్దికగా విప్పింది. అక్కణ్ణించి రెల్లు మధ్యగా వెనక గేటుకు సన్నటి దారి. గేటు దాటితే బస్టాండు సందు ఎంతో దూరం లేదు.

పిట్టకు లెక్క రాదంది. మేం లెక్క వచ్చినవాళ్ళం. ఇద్దరు వెళ్ళడం చూశాం, ఒకరు రావడం చూశాం, ఇంకొకరు మిగలాలని తేల్చుకుని ఖాళీ గుడారానికి కాపలా కూర్చున్నాం. నేను కూడా.

మిగతావాళ్ళు ఒక్కసారిగా మాటలు మొదలుపెట్టారు. చూశారా అన్నారు, నేను ముందే చెప్పానన్నారు. మందుల షాపావిడ మాత్రం కుంట మీదుగా గోడ మీది తన దండెం వైపు చూస్తూ నిలబడింది. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ తల కన్నంలోంచి బయటికొచ్చేదాకా ఆవిడ ఉందా, అంతకుముందే వెళ్ళిపోయిందా?

వంగి లోపలికెళ్ళి స్టూలు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. పక్కనున్న గుడ్డ మీద పెట్టాను, నేలమీద పెట్టాను. ఎండకు అన్నీ అంతే వెచ్చగా ఉన్నాయి.